గ్లాడ్‌బాఖ్ దురదృష్టవంతుల జట్టు కాదు

జర్మన్ ఫుట్‌బాల్ అనగానే మన పాఠకుల్లో చాలామందికి ముందు బయర్న్ మ్యూనిక్, ఆ తరువాత బోరుస్సియా డార్ట్‌మండ్ గుర్తుకు వస్తాయి. పేరులో అదే బోరుస్సియా ఉన్న మరో క్లబ్బు నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గరలో, బట్టల మిల్లులతో ఎదిగిన మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ అనే పట్టణంలో ఉంది. 1970ల్లో ఐదుసార్లు జర్మన్ లీగ్ విజేతగా నిలిచిన ఈ క్లబ్బు ఐరోపా చరిత్రను ఎవరు చెప్పినా దాదాపు ఒకే పద్ధతిలో చెబుతారు. మైదానంలోకి వచ్చిపడిన ఒక డబ్బా వల్ల రద్దయిన గొప్ప విజయం, మాడ్రిడ్‌లో రిఫరీ కొట్టివేసిన రెండు గోళ్లు, దారికి అడ్డంగా నిలిచిన లివర్‌పూల్, చేతికి అందినట్టే అంది జారిపోయిన కప్పులు వరుసగా వస్తాయి. చివరికి "పాపం, అదృష్టం కలిసిరాలేదు" అన్న మాటతో కథ ముగుస్తుంది. ఈ క్లబ్బును ఇష్టపడేవాడిగా నాకు ఆ ముగింపు ఎప్పుడూ నచ్చలేదు. అభిమానంతో అన్న మాటే అయినా, అది ఆ జట్టు సాధించినదాన్ని తగ్గిస్తుంది, సాధించలేకపోయినదానికి అసలు కారణాన్ని కప్పిపెడుతుంది.

ముందు లెక్క చూద్దాం. 1972-73 నుంచి 1979-80 వరకు వరుసగా ఎనిమిది సీజన్ల పాటు గ్లాడ్‌బాఖ్ ఏదో ఒక ఐరోపా పోటీలో కనీసం క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లింది. 1973లో యూఈఎఫ్ఏ కప్పు ఫైనల్, 1974లో కప్పు విజేతల కప్పు సెమీఫైనల్, 1975లో యూఈఎఫ్ఏ కప్పు, 1976లో యూరోపియన్ కప్పు (ఆయా దేశాల లీగ్ విజేతల పోటీ, నేటి ఛాంపియన్స్ లీగ్‌కు పూర్వరూపం) క్వార్టర్‌ఫైనల్, 1977లో అదే పోటీ ఫైనల్, 1978లో సెమీఫైనల్, 1979లో మళ్లీ యూఈఎఫ్ఏ కప్పు, 1980లో ఆ కప్పు ఫైనల్. ఎనిమిదేళ్లలో ఐదు ఫైనల్స్, రెండు కప్పులు. ఇంత నిలకడ ఆ దశాబ్దంలో ఏ కొద్ది క్లబ్బులకో సాధ్యమైంది. అదృష్టం లేని జట్టు ఒక ఏడాది ఫైనల్‌కు వచ్చి ఓడిపోతే నమ్మవచ్చు, కానీ ఎనిమిదేళ్లు విడవకుండా చివరి మెట్ల దగ్గర కనిపించే జట్టును అదృష్టం, దురదృష్టం అన్న కొలతలతో కొలవడం కుదరదు.

ఈ క్లబ్బు ఐరోపాలో అడుగుపెట్టిన తీరు చూస్తే ఆ ఎనిమిదేళ్ల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1960లో జర్మన్ కప్పు గెలిచి, కప్పు విజేతల కప్పులో స్కాట్లండ్‌కు చెందిన రేంజర్స్‌తో ఆడినప్పుడు సొంతగడ్డ మీద 0-3తో, గ్లాస్గోలో 0-8తో ఓడిపోయింది. అప్పటికింకా బుండెస్‌లీగా, అంటే జర్మనీ జాతీయ లీగ్, పుట్టలేదు. 1964లో హెన్నెస్ వైస్‌వైలర్ శిక్షకుడిగా వచ్చాడు. మరుసటి ఏడాది బయర్న్‌తో పాటే గ్లాడ్‌బాఖ్ కూడా బుండెస్‌లీగాలోకి ప్రవేశించింది. చిన్న వయసు ఆటగాళ్లు, బంతి దొరికిన మరుక్షణం ముందుకు దూసుకుపోయే ఆట కారణంగా జట్టుకు "గుర్రపు పిల్లలు" అన్న పేరు స్థిరపడింది. గుంటర్ నెట్జర్ పాస్‌లు, యుప్ హైంకెస్ గోళ్లు, బెర్టి ఫోగ్ట్స్ రక్షణ, హెర్బర్ట్ విమ్మర్ అలుపెరుగని పరుగు కలిసి 1970లోనూ 1971లోనూ లీగ్‌ను తెచ్చిపెట్టాయి. బుండెస్‌లీగా గెలిచి, మరుసటి ఏడాదే దాన్ని నిలబెట్టుకున్న మొదటి జట్టు ఇదే.

ఇక డబ్బా కథ. 1971 అక్టోబర్ 20న, యూరోపియన్ కప్పు రెండో రౌండులో, ఇటలీ విజేత ఇంటర్ మిలాన్ గ్లాడ్‌బాఖ్ సొంత మైదానమైన బోకెల్‌బెర్గ్‌కు వచ్చింది. సుమారు అరగంట ఆట ముగిసేసరికి స్కోరు 2-1. అప్పుడు ప్రేక్షకుల్లోంచి వచ్చిన ఒక కోకాకోలా డబ్బా ఇంటర్ ఫార్వర్డ్ రొబెర్టో బోనిన్సెన్యాకు తగిలింది. అతన్ని స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. దెబ్బ ఎంత బలమైనదన్నది ఈనాటికీ వాదంగానే మిగిలింది. డచ్చి రిఫరీ యెఫ్ డోర్ప్‌మాన్స్ కాసేపు ఆపి, మళ్లీ ఆట కొనసాగించాడు. విరామానికి స్కోరు 5-1, చివరికి 7-1. హైంకెస్, నెట్జర్, ఉల్రిక్ లె ఫెవ్‌ర్ తలా రెండు గోళ్లు కొట్టగా, క్లౌస్-డీటర్ జీలోఫ్ పెనాల్టీతో ఏడోది పూర్తి చేశాడు. ప్రసార హక్కుల డబ్బు దగ్గర బేరం కుదరకపోవడంతో ఈ మ్యాచ్‌ను టీవీలో చూపించలేదు. ఆ రాత్రి మైదానంలో ఉన్నవారు తప్ప మరెవరూ పూర్తిగా చూడలేకపోయిన ఆట కావడం వల్ల దాని చుట్టూ ఒక పురాణమే అల్లుకుంది. ఇంటర్ ఫిర్యాదు చేసింది, ఆ క్లబ్బు తరఫున న్యాయవాది పెప్పీనో ప్రీస్కో గట్టిగా వాదించాడు, ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ఆ ఫలితాన్ని రద్దు చేసి తటస్థ మైదానంలో మళ్లీ ఆడించాలని నిర్ణయించింది.

సాధారణంగా కథ ఇక్కడే ఆగిపోతుంది. నా దృష్టిలో అసలు చూడవలసినది ఆ తరువాత జరిగినదే. నవంబర్ 3న మిలాన్‌లో గ్లాడ్‌బాఖ్ 2-4తో ఓడింది. తటస్థంగా జరగవలసిన మ్యాచ్ డిసెంబర్ 1న బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో, అంటే జర్మన్ ప్రేక్షకుల మధ్యనే జరిగింది. రెండు మ్యాచ్‌ల మొత్తం సమమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోళ్లు కొట్టిన జట్టే ముందుకు వెళ్లాలన్నది అప్పటి నియమం. మిలాన్‌లో కొట్టిన రెండు గోళ్లు చేతిలో ఉన్నాయి కాబట్టి అక్కడ 2-0తో గెలిస్తే గ్లాడ్‌బాఖ్‌కు సరిపోయేది. 7-1తో చిత్తుచేసిన ప్రత్యర్థి మీద తొంభై నిమిషాల్లో రెండు గోళ్లు కావాలి. మ్యాచ్ 0-0గా ముగిసింది. జీలోఫ్ పెనాల్టీని ఇంటర్ యువ గోల్‌కీపర్ ఇవానో బోర్డోన్ ఆపాడు. రద్దు నిర్ణయం అన్యాయమని నేనూ ఒప్పుకుంటాను, ఎందుకంటే రిఫరీ ఆట కొనసాగించదగినదని తేల్చి చివరి వరకు ఆడించిన తరువాత ఫలితాన్ని తీసివేయడానికి బలమైన ఆధారం ఉండాలి. కానీ అన్యాయం జరిగిన తరువాత కూడా ఒక అవకాశం మిగిలింది, అది బెర్లిన్‌లో చేజారింది. ఇటలీ జట్లు నేర్పుగా ఆడే మూసిన రక్షణను ఛేదించడం ఆనాటి గ్లాడ్‌బాఖ్‌కు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఆ ఒక్క రాత్రి ఇంటర్ తలుపు తెరిచి ఉంచింది, బెర్లిన్‌లో మూసివేసింది.

1973లో లివర్‌పూల్‌తో యూఈఎఫ్ఏ కప్పు ఫైనల్ కూడా ఇలాగే పాఠం చెబుతుంది. మే 9న లివర్‌పూల్ సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లో మొదలైన మొదటి మ్యాచ్ కుండపోత వాన వల్ల 27 నిమిషాలకే ఆగిపోయింది. ఆ కాస్త సమయంలోనే లివర్‌పూల్ మేనేజర్ బిల్ షాంక్లీ గ్లాడ్‌బాఖ్ రక్షణ గాల్లో వచ్చే బంతుల దగ్గర తడబడుతోందని పసిగట్టాడు. మర్నాడు పొడగరి జాన్ టోషాక్‌ను జట్టులోకి తెచ్చాడు. టోషాక్ తలతో అందించిన బంతులను కెవిన్ కీగన్ గోళ్లుగా మలిచాడు, లివర్‌పూల్ 3-0తో గెలిచింది. వాన రాకపోయి ఉంటే అన్నది అభిమానుల ప్రశ్న. వానను ఇద్దరూ చూశారు, దాన్ని ఉపయోగించుకున్నది ఒక్క షాంక్లీ. అదే మ్యాచ్‌లో హైంకెస్ పెనాల్టీని రే క్లెమెన్స్ ఆపాడు. రెండు వారాల తరువాత బోకెల్‌బెర్గ్‌లో హైంకెస్ రెండు గోళ్లతో గ్లాడ్‌బాఖ్ 2-0తో గెలిచింది కాబట్టి, ఆ పెనాల్టీ గోలయి ఉంటే మొత్తం 3-3 అయ్యేది, ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోలు బలంతో కప్పు జర్మనీకి వచ్చేది. ఈ లెక్క తరచూ చెబుతారు. ఆన్‌ఫీల్డ్‌లో కీగన్ కొట్టిన పెనాల్టీని గ్లాడ్‌బాఖ్ గోల్‌కీపర్ వోల్ఫ్‌గాంగ్ క్లెఫ్ కూడా ఆపాడన్నది మాత్రం చెప్పరు. రెండు జట్లూ ఒక్కో పెనాల్టీ పోగొట్టుకున్న ఫైనల్‌లో ఒక జట్టునే దురదృష్టవంతురాలని ఎలా అనగలం?

మరి అసలు కారణం ఏమిటి? నా సమాధానం బోకెల్‌బెర్గ్ స్టేడియం. సుమారు 34 వేల మంది పట్టే మైదానం అది, అందులోనూ కూర్చునే సీట్లు తక్కువ. టీవీ హక్కుల నుంచి, చొక్కాల మీది ప్రకటనల నుంచి పెద్ద మొత్తాలు రాని ఆ రోజుల్లో క్లబ్బుల ప్రధాన ఆదాయం టిక్కెట్లే. 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియంలోకి మారిన బయర్న్ 70 వేలకు పైగా ప్రేక్షకులకు టిక్కెట్లు అమ్ముకోగలిగింది. గ్లాడ్‌బాఖ్ తన పెద్ద ఐరోపా మ్యాచ్‌లలో చాలావాటిని పొరుగున ఉన్న డ్యూసెల్‌డోర్ఫ్‌లోని రైన్ స్టేడియానికి తీసుకుపోవలసి వచ్చింది. అంటే డబ్బు కోసం సొంత మైదానపు బలాన్ని వదులుకుంది. అది కూడా చాలలేదు. మేనేజర్ హెల్ముట్ గ్రాస్‌హోఫ్ క్లబ్బు జమాఖర్చులు సరిపెట్టడానికి ఏడాదికో రెండేళ్లకో ఒక గొప్ప ఆటగాడిని అమ్మవలసి వచ్చేది. సరిగ్గా 1973లోనే స్పెయిన్ లీగ్ విదేశీ ఆటగాళ్లకు మళ్లీ తలుపులు తెరిచింది. ఆ వేసవిలోనే నెట్జర్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. 1975లో శిక్షకుడు వైస్‌వైలర్ బార్సిలోనాకు, 1976లో హెన్నింగ్ యెన్సెన్, 1977లో ఉలి ష్టీలికె రియల్ మాడ్రిడ్‌కు, 1978లో రైనర్ బోన్‌హోఫ్ వాలెన్సియాకు, 1979లో ఆలన్ సిమోన్‌సెన్ బార్సిలోనాకు. ఈ జాబితాను ఒకసారి నిదానంగా చదివితే చాలు. ఈ ఆరుగురూ ఒకే చోట నాలుగైదేళ్లు కలిసి ఉండి ఉంటే యూరోపియన్ కప్పు చరిత్ర ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు.

1976 మార్చిలో రియల్ మాడ్రిడ్‌తో జరిగిన క్వార్టర్‌ఫైనల్‌ను నేను ఈ వెలుగులోనే చూస్తాను. డ్యూసెల్‌డోర్ఫ్‌లో 2-0తో ముందున్న గ్లాడ్‌బాఖ్ చివరికి 2-2తో సరిపెట్టుకుంది. మాడ్రిడ్‌లో హైంకెస్ గోలుతో మళ్లీ ముందంజ వేసినా, సాంటియానా సమం చేశాడు. ఆ తరువాత గ్లాడ్‌బాఖ్ కొట్టిన రెండు గోళ్లను డచ్చి రిఫరీ లియోనార్డస్ వాన్ డెర్ క్రోఫ్ట్ ఒప్పుకోలేదు. 1-1తో ముగిసిన ఆ మ్యాచ్‌తో, మొత్తం 3-3 అయినా, ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోళ్లు కొట్టిన రియల్ ముందుకు వెళ్లింది. రిఫరీ తప్పు చేశాడనే నేనూ అనుకుంటున్నాను, ఆ రాత్రి కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఆ కోపం మనకు మరో విషయాన్ని చూడనివ్వడం లేదు. అప్పటి రియల్ జట్టులో నెట్జర్ సభ్యుడు. ఆ పోటీ ముగిసిన కొద్ది నెలలకే యెన్సెన్ అదే క్లబ్బుకు వెళ్లిపోయాడు. తన దగ్గర ఎదిగిన ఆటగాళ్లను ఏ క్లబ్బుకు అమ్మవలసి వస్తోందో ఆ క్లబ్బుతోనే గ్లాడ్‌బాఖ్ సమానంగా పోరాడింది. అందులో నాకు కనిపించేది జాలిపడవలసిన విషయం కాదు, గర్వించవలసిన విషయం.

వైస్‌వైలర్ స్థానంలో వచ్చిన ఉడో లాటెక్ జట్టును కాస్త ఆచితూచి ఆడే జట్టుగా మార్చాడు. దూకుడు తగ్గిందని విమర్శించినవారు ఉన్నారు. నేనైతే ఐరోపా పోటీలకు కావలసింది ఆ మార్పే అంటాను. 1976-77లో యూరోపియన్ కప్పు దారిలో గ్లాడ్‌బాఖ్ టొరీనోను టొరీనోలోనే 2-1తో ఓడించింది. రెండో మ్యాచ్‌లో ఇటలీ జట్టు ఆటగాళ్లు ముగ్గురు బహిష్కరణకు గురయ్యారు, గోల్‌కీపర్ కూడా వారిలో ఉండటంతో ఫార్వర్డ్ ఫ్రాంచెస్కో గ్రాత్సియానీ గోలు ముందు నిలబడవలసి వచ్చింది. అదృష్టం లెక్క రాసేవారు ఇలాంటి రాత్రులను కూడా ఖాతాలో వేయాలి. సెమీఫైనల్‌లో, అంతకుముందు రౌండులో బయర్న్‌ను ఇంటికి పంపిన డైనమో కీవ్ మీద, కీవ్‌లో 0-1తో వెనుకబడి, డ్యూసెల్‌డోర్ఫ్‌లో 2-0తో గెలిచింది. ఒలేగ్ బ్లోఖిన్ ఆడుతున్న ఆ కీవ్ జట్టును ఓడించడం ఆ సీజన్‌లో గ్లాడ్‌బాఖ్ చేసిన అతిపెద్ద పని.

మే 25న రోమ్‌లో జరిగిన ఫైనల్‌లో లివర్‌పూల్ 3-1తో గెలిచింది. స్కోరు తెరవక ముందు బోన్‌హోఫ్ కొట్టిన బంతి గోలుస్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. టెర్రీ మెక్‌డర్మట్ గోలు తరువాత, రెండో సగం మొదట్లో సిమోన్‌సెన్ అద్భుతమైన షాట్‌తో సమం చేశాడు. ఆ తరువాత కొద్ది నిమిషాలు గ్లాడ్‌బాఖ్ పైచేయిగా ఆడింది, ష్టీలికెకు దొరికిన అవకాశాన్ని క్లెమెన్స్ అడ్డుకున్నాడు. కార్నర్ నుంచి టామీ స్మిత్ తలతో కొట్టిన గోలు మ్యాచ్‌ను తిప్పింది, ఫిల్ నీల్ పెనాల్టీ ముగించింది. విమ్మర్ గాయంతో మొదటి సగంలోనే బయటికి వెళ్లవలసి రావడం ఆ జట్టును దెబ్బతీసింది, ఎందుకంటే అతని స్థాయి ఆటగాడు బెంచీ మీద లేడు. ఇది మళ్లీ బోకెల్‌బెర్గ్ లెక్కే. పదకొండు మందిలో ఐరోపాలో ఎవరితోనైనా తూగగలిగిన క్లబ్బుకు పన్నెండో మనిషి, పదమూడో మనిషి దగ్గర డబ్బు అయిపోయేది. ఆ ఏడాది ఐరోపా ఉత్తమ ఆటగాడి బంగారు బంతి పురస్కారం సిమోన్‌సెన్‌కు దక్కింది. మరుసటి సీజన్‌ సెమీఫైనల్‌లో లివర్‌పూలే మళ్లీ ఎదురైంది. డ్యూసెల్‌డోర్ఫ్‌లో 2-1తో గెలిచిన గ్లాడ్‌బాఖ్ ఆన్‌ఫీల్డ్‌లో 0-3తో నిలవలేకపోయింది. లివర్‌పూల్ గ్లాడ్‌బాఖ్‌ను దాటిన మూడుసార్లూ ఆ కప్పును గెలుచుకునే తిరిగి వెళ్లింది. ఓడించినవాడి స్థాయి కూడా ఓడినవాడి రికార్డులో భాగమే.

గెలిచిన రెండు కప్పుల గురించి తక్కువగా మాట్లాడటం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. యూఈఎఫ్ఏ కప్పు అంటే రెండో రకం పోటీ అన్న అభిప్రాయం ఛాంపియన్స్ లీగ్ వచ్చిన తరువాతి కాలానిది. ఆ రోజుల్లో ఒక్కో దేశం నుంచి యూరోపియన్ కప్పుకు లీగ్ విజేత మాత్రమే వెళ్లేది, ఆ తరువాతి స్థానాల్లోని బలమైన జట్లన్నీ యూఈఎఫ్ఏ కప్పులో ఆడేవి. 1979-80లో ఆ పోటీ సెమీఫైనల్‌కు చేరిన నాలుగు జట్లూ జర్మనీవే కావడం దాని బరువు ఎంతో చెబుతుంది. 1974-75లో గ్లాడ్‌బాఖ్ రియల్ సరగోసాను 5-0, 4-2తో, సెమీఫైనల్‌లో పొరుగు ప్రత్యర్థి కోల్న్‌ను 3-1, 1-0తో ఓడించింది. ఫైనల్‌లో ట్వెంటె డ్యూసెల్‌డోర్ఫ్‌కు వచ్చి 0-0తో నిలిపేసింది. సొంతగడ్డ మీద గోలు కొట్టలేని జట్టు ఇక ప్రత్యర్థి ఊరికి వెళ్లి ఏం చేస్తుందని అనుకున్నవారికి, మే 21న ఎన్స్‌కెడెలో హైంకెస్ మూడు గోళ్లు, సిమోన్‌సెన్ రెండు గోళ్లతో 5-1 అన్న జవాబు దొరికింది. ఈ క్లబ్బు ఐరోపా చరిత్రలో ఒకే ఒక్క మ్యాచ్‌ను చూపించమని అడిగితే, చాలామంది 7-1ను చూపిస్తారు, నేను ఈ 5-1ను చూపిస్తాను. అది ఎవరూ రద్దు చేయలేని ఫలితం, వైస్‌వైలర్ పదకొండేళ్ల పనికి దక్కిన కప్పు.

1979 కప్పు అందుకు పూర్తిగా భిన్నం. హైంకెస్, విమ్మర్ ఆట మానేశారు, బోన్‌హోఫ్ వెళ్లిపోయాడు, లీగ్‌లో జట్టు పదో స్థానానికి పడిపోయింది. అయినా ఐరోపాలో మాత్రం నిలబడింది. ఫైనల్‌లో మొదట బెల్‌గ్రేడ్‌లో ప్రత్యర్థి రెడ్ స్టార్ ఆటగాడే తన గోలులోకి బంతిని పంపడంతో 1-1, డ్యూసెల్‌డోర్ఫ్‌లో సిమోన్‌సెన్ పెనాల్టీతో 1-0. ఆ పెనాల్టీ ఇవ్వదగినది కాదని రెడ్ స్టార్ అభిమానులు వాదిస్తారు. వాళ్ల దృష్టిలో దురదృష్టవంతులు ఎవరో చెప్పనక్కరలేదు. మాడ్రిడ్ రాత్రిని గుర్తుపెట్టుకున్న మనం ఈ రాత్రిని కూడా గుర్తుపెట్టుకోవడమే న్యాయం.

మరుసటి ఏడాది శిక్షకుడిగా మారిన హైంకెస్ చేతిలో, పందొమ్మిదేళ్ల లోథర్ మాథాయస్ లాంటి కొత్త కుర్రాళ్లతో, ఆ జట్టు మళ్లీ ఫైనల్‌కు వచ్చింది. ఐన్‌ట్రాఖ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీద బోకెల్‌బెర్గ్‌లో 3-2తో గెలిచి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రెడ్ షౌబ్ చివరి పది నిమిషాల్లో కొట్టిన ఒక్క గోలుతో కప్పును కోల్పోయింది. 1976లో లాగే ప్రత్యర్థి మైదానపు గోళ్ల నియమమే ఇక్కడా దెబ్బతీసింది. 1984లో పోలండ్‌కు చెందిన విజెవ్ లోజ్ మీద 3-2, 0-1. 1985లో రియల్ మాడ్రిడ్‌ను డ్యూసెల్‌డోర్ఫ్‌లో 5-1తో మట్టికరిపించి, మాడ్రిడ్‌లో 0-4. చివరి నిమిషాల్లో సాంటియానా కొట్టిన నాలుగో గోలు రియల్‌ను గట్టెక్కించింది, ఆ ఏడాది కప్పు కూడా వాళ్లదే. 2017లో సొంత దేశపు షాల్కె మీద 1-1, 2-2. ఇలా ఈ నియమం వల్ల ఐదుసార్లు గ్లాడ్‌బాఖ్ మొత్తం స్కోరులో ఓడకుండానే ఇంటికి వెళ్లింది. యూఈఎఫ్ఏ 2021లో ఈ నియమాన్ని తీసివేసింది. నియమం మంచిదా చెడ్డదా అన్న చర్చలో నేను రద్దు పక్షానే ఉన్నాను. కానీ నాలుగు గోళ్ల ఆధిక్యంతో మాడ్రిడ్ వెళ్లి నాలుగు గోళ్లు ఇచ్చిన జట్టు నియమాన్ని నిందించలేదు. సొంతగడ్డ మీద ధారాళంగా ఆడి, ధారాళంగా గోళ్లు ఇవ్వడం ఆ జట్టు స్వభావంలోనే ఉంది. ఆ స్వభావమే ఆ 5-1లను తెచ్చింది, దాని మూల్యాన్నీ ఆ స్వభావమే చెల్లించింది.

ఆ తరువాతి కాలం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1987లో యూఈఎఫ్ఏ కప్పు సెమీఫైనల్‌లో డండీ యునైటెడ్ బోకెల్‌బెర్గ్‌కు వచ్చి 2-0తో గెలిచి వెళ్లింది. 1996లో ఆర్సెనల్‌ను రెండు మ్యాచ్‌లలోనూ 3-2తో ఓడించడం ఒక మెరుపు. ఆ సీజన్ తరువాత 2012 దాకా ఐరోపా పోటీల్లో గ్లాడ్‌బాఖ్ పేరే లేదు, మధ్యలో రెండుసార్లు రెండో డివిజన్‌కు దిగిపోయింది కూడా. 2004లో 54 వేల మంది పట్టే కొత్త స్టేడియం వచ్చింది. అప్పటికి ఫుట్‌బాల్‌లో డబ్బు టిక్కెట్ల నుంచి టీవీకి, పెట్టుబడిదారులకు తరలిపోయింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే వచ్చి ఉంటే ఈ క్లబ్బు తలరాతను మార్చగలిగి ఉండే కట్టడం అది.

2020-21లో ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో రియల్ మాడ్రిడ్, ఇంటర్ మిలాన్ రెండూ గ్లాడ్‌బాఖ్‌తో పాటు పడ్డాయి. రెండు పాత ఖాతాలూ ఒకేసారి తెరుచుకున్నాయి. మిలాన్‌లో 2-2. సొంతగడ్డ మీద రియల్ మీద 87వ నిమిషం వరకు 2-0తో ముందుండి, చివరికి 2-2. షాక్తార్ దొనెత్స్క్‌ను 6-0, 4-0తో చిత్తుచేసింది. ఇంటర్‌ను గ్రూపు అట్టడుగున వదిలి, రియల్ వెనుక రెండో స్థానంతో చివరి పదహారు జట్లలోకి వెళ్లింది. అక్కడ మాంచెస్టర్ సిటీ ఎదురైంది. కోవిడ్ ఆంక్షల వల్ల సొంత మ్యాచ్‌ను బుడాపెస్ట్‌లో ఆడవలసి వచ్చిందనీ, అదీ దురదృష్టమేననీ అప్పుడు చాలామంది రాశారు. నిజానికి రెండో మ్యాచ్ కూడా బుడాపెస్ట్‌లోనే జరిగింది, రెండింట్లోనూ సిటీ 2-0తో గెలిచింది. ఫిబ్రవరి 24న జరిగిన మొదటి మ్యాచ్‌కు తొమ్మిది రోజుల ముందు, జట్టును అంత దూరం తెచ్చిన శిక్షకుడు మార్కో రోజె సీజన్ ముగియగానే డార్ట్‌మండ్‌కు వెళ్లిపోతాడన్న ప్రకటన వెలువడింది.